ఊరించడం వేరు, ముగ్గులోకి దింపడం వేరు: టెంప్ట్, ల్యూర్, ఎంటైస్, సిడ్యూస్ ఎక్కడ ఏది వాడాలి

ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో టెంప్ట్ చూడండి, తర్వాత ల్యూర్, ఎంటైస్, సిడ్యూస్ చూడండి. ఆశపెట్టు, మరులుగొల్పు, ప్రలోభపెట్టు, ఆకర్షించు అని దాదాపు అవే మాటలు అటు తిప్పి ఇటు తిప్పి కనిపిస్తాయి. అన్నీ ఒకటేలే అనుకుని ఎవరైనా ఆఫీసు మెయిల్లో "వుయ్ మస్ట్ సిడ్యూస్ మోర్ క్లయింట్స్" అని రాశారనుకోండి, చదివినవాళ్లకి నవ్వాలో హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేయాలో అర్థం కాదు.

తమాషా ఏంటంటే ఈ తేడాలన్నీ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. బిర్యానీ వాసన ఊరిస్తుంది, ఏజెంటు విదేశంలో ఉద్యోగమని ఆశ చూపి ముగ్గులోకి దింపుతాడు, తల్లి బిడ్డని బుజ్జగించి అన్నం తినిపిస్తుంది, అల్లుడు మామగారిని కాకా పడతాడు, ఎన్నికలప్పుడు నాయకుడు ఓటర్లని ప్రలోభపెడతాడు. వీటిలో ఒకదాని బదులు ఇంకోటి మనం నిద్రలో లేపి అడిగినా వాడం. కాబట్టి ఇంగ్లీషు మాట వెతికేముందు పుస్తకాల తెలుగు కాసేపు పక్కన పెట్టి, ఇదే సంగతి ఇంట్లో చెప్పాల్సి వస్తే నా నోట ఏ మాట వస్తుంది అని చూసుకోండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మిగతా సగానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అవతలి మనిషి పడ్డాడా, లేక ఆశ పుట్టి అక్కడే ఆగిపోయాడా? పడితే అతనికి చెడు జరిగిందా, మంచే జరిగిందా? రెండో ప్రశ్న గురించి కోచింగ్ నోట్సుల్లో కాస్తో కూస్తో ఉంటుంది, పాజిటివ్ వర్డ్, నెగటివ్ వర్డ్ అని. మొదటి దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా లెక్కలో మాత్రం అదే అసలైంది, ఎందుకంటే అక్కడ తప్పితే మీరు చెప్పిన కథే మారిపోతుంది.

టెంప్ట్: ఆశ పుట్టింది, అంతే

మనం తెలుగులో "సేల్ చూసి టెంప్ట్ అయిపోయా" అంటే అర్థం ఏమిటి? కొనేశాను అనే. బిల్లు కూడా కట్టేశాను, ఇప్పుడు బాధపడుతున్నాను అని కూడా అందులోనే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో "ఐ వాజ్ టెంప్టెడ్" అంటే అలా కాదు. "ఐ వాజ్ టెంప్టెడ్ టు బై ఇట్" అని ఆపేస్తే విన్నవాడికి చాలావరకు అర్థమయ్యేది, కొనాలనిపించింది గానీ కొనలేదు అని. "ఐ వాజ్ టెంప్టెడ్ టు రిప్లై" అంటే నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. బాస్ మెయిల్ గురించి మాట్లాడుతూ "ఐ వాజ్ టెంప్టెడ్ టు రిజైన్" అంటే ఉద్యోగం ఇంకా ఉందన్నమాట. నిజంగా కొనేసినప్పుడు, తినేసినప్పుడు "ఐ కుడింట్ రెసిస్ట్" అనండి, లేదా "ఐ గేవ్ ఇన్" అనండి. కాస్త నాటకీయంగా కావాలంటే "ఐ గేవ్ ఇన్ టు టెంప్టేషన్". మన తెలుగు "టెంప్ట్ అయ్యాను"కి సరైన జోడీ ఇవే.

ఎందుకిలా అంటే టెంప్ట్‌కి మూలమైన లాటిన్ మాటకి పరీక్షించడం, ప్రయత్నించి చూడడం అని అర్థం. పరీక్షలో పాసవచ్చు, ఫెయిలవచ్చు. చర్చికి వెళ్లేవాళ్లకి ఇది సులభంగా ఎక్కుతుంది: ప్రభువు ప్రార్థనలో ఇంగ్లీషువాళ్లు టెంప్టేషన్ అనే చోట తెలుగు బైబిల్లో శోధన అని ఉంటుంది. శోధన అంటే పరీక్షే కదా. "టెంప్ట్ ఫేట్" అనే వాడుక కూడా అప్పుడే అర్థమవుతుంది. విధిని ఆకర్షించడం ఏమిటి అని బుర్ర గోక్కోనక్కర్లేదు, హెల్మెట్ లేకుండా హైవే ఎక్కి విధికే పరీక్ష పెట్టడం అది.

ఇంకో చిన్న విషయం. టెంప్ట్ చేయడానికి మనిషే అక్కర్లేదు. వాసన చాలు, ధర చాలు, ఆదివారం మధ్యాహ్నం మంచం చాలు. దీని వెనక ఎవరి కుట్రా ఉండదు. అందుకే ఈ మాట స్నేహంగా వాడుకోవచ్చు: ఎవరైనా ఇంకో లడ్డూ వేసుకోమంటే "డోంట్ టెంప్ట్ మీ" అని నవ్వేయొచ్చు. కానీ "ఐ యామ్ టెంప్టింగ్" అనకండి. అప్పుడు లడ్డూ మీరే అవుతారు. నోరూరించేది టెంప్టింగ్, నోరూరినవాడు టెంప్టెడ్. బోరింగ్, బోర్డ్ దగ్గర చేసే తప్పే ఇక్కడా చేస్తుంటారు.

ల్యూర్, ఎంటైస్: కాలు బయట పడింది

ఇక్కడికి వచ్చేసరికి మనిషి కదిలాడు. "షి వాజ్ టెంప్టెడ్, బట్ షి సెడ్ నో" అనేది నిక్షేపంలాంటి వాక్యం. అదే చోట ల్యూర్డ్ పెడితే చెవికి అడ్డం పడుతుంది, ఎందుకంటే ల్యూర్ అయ్యిందంటే వెళ్లిందనే లెక్క. వెళ్లలేదని చెప్పాలంటే "దే ట్రైడ్ టు ల్యూర్ హర్" అని ట్రై జోడించాల్సిందే.

ల్యూర్ డేగలతో వేటాడే యూరప్ దొరల మాట. ఎగిరిపోయిన డేగని వెనక్కి రప్పించడానికి ఈకల కట్టకి మాంసం ముక్క కట్టి, తాడుతో గాల్లో తిప్పేవారు. పక్షి అనుకుని డేగ దిగివచ్చేది. ఆ కట్ట పేరే ల్యూర్. చేపలు పట్టేవాళ్లు ఇప్పటికీ ఈ తేడా పాటిస్తారు: వానపాము గుచ్చితే బెయిట్, ప్లాస్టిక్ చేపపిల్లని కడితే ల్యూర్. అంటే ల్యూర్‌లో మోసం వాసన ఎప్పుడూ కాస్త ఉంటుంది, చూపించేది ఒకటి, దొరికేది ఇంకోటి. 2024లో విశాఖ పోలీసులు కంబోడియా కేసు బయటపెట్టారు గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్లని తీసుకెళ్లి అక్కడ సైబర్ మోసాలు చేయించిన కేసు. దాని గురించి రాయాలంటే ల్యూర్ కంటే సరిపోయే మాట లేదు: "లూర్డ్ టు కంబోడియా విత్ ఫేక్ జాబ్ ఆఫర్స్". ల్యూర్, లూర్ రెండు ఉచ్చారణలూ వినిపిస్తాయి, దేనికీ భయపడక్కర్లేదు.

ఈ మాట వెంట వచ్చే చిన్న మాటలు బట్టీ పట్టండి, పరీక్షల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ దొరికిపోయేది ఇక్కడే. ఉచ్చులోకి అయితే ల్యూర్ ఇంటు, ఊరికి, దేశానికి అయితే ల్యూర్ టు, ఉన్న చోటు నుంచి లాగితే ల్యూర్ అవే ఫ్రమ్, దేనితో లాగారో చెప్పాలంటే విత్. నామవాచకంగా వాడితే మాత్రం ఈ మోసం వాసన చాలావరకు పోతుంది. "ద ల్యూర్ ఆఫ్ ద సిటీ" అంటే పట్నం మోజు, దాన్లో ఎవరి తప్పూ లేదు.

ఎంటైస్ అంతకంటే మెత్తన. ఏదో మంచిది, తియ్యనిది చూపించి పిలవడం. మూలం మాత్రం మెత్తన కాదు, మండుతున్న కట్టె అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, లోపల నిప్పు రాజేయడం అన్నమాట. షాపువాళ్లు డిస్కౌంట్ ఇచ్చి పాత కస్టమర్లని "ఎంటైస్ బ్యాక్" చేయొచ్చు, అందులో తప్పేమీ లేదు. "యాన్ ఎంటైసింగ్ ఆఫర్" అని ప్రెజెంటేషన్లో నిర్భయంగా రాయొచ్చు. కానీ అదే మాట పోలీసు స్టేషన్లో వినిపిస్తే అర్థం మారిపోతుంది. పిల్లల్ని సంరక్షకుల దగ్గర నుంచి ఎత్తుకెళ్లడం గురించిన సెక్షన్ (పాత ఐపీసీలో 361, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 137) "టేక్స్ ఆర్ ఎంటైసెస్" అంటుంది. తీసుకెళ్లినా నేరమే, ఆశ చూపి రప్పించినా నేరమే. "ఆ పిల్ల తనంతట తానే వచ్చింది సార్" అన్న వాదనకి అక్కడ చోటు లేకుండా చేయడానికే ఆ రెండో మాట ఉన్నది. మన పేపర్లలో "మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు" అని రాస్తారు చూడండి, ఆ మాయమాటలు చెప్పడమే ఇక్కడ ఎంటైస్.

సిడ్యూస్, ఇండ్యూస్: ఒకే తల్లి పిల్లలు

రెండింట్లోనూ ఉన్న "డ్యూస్" లాటిన్‌లో నడిపించడం. సిడ్యూస్ అంటే దారి తప్పించి పక్కకి నడిపించడం, ఇండ్యూస్ అంటే లోపలికి నడిపించడం. ఇప్పుడు సిడ్యూస్ అనగానే అందరికీ తట్టేది ఒకటే, కానీ పాత చట్టాల్లో చూస్తే మొదట్లో దాని బరువు వేరే అని తెలుస్తుంది. సైనికుడిని విధి నుంచి తప్పించే ప్రయత్నం చేయడాన్ని ఐపీసీ 131వ సెక్షన్ "సిడ్యూస్" అనే అంటుంది, కొత్త సంహిత 159లోనూ ఆ మాట అలాగే ఉంది. చదివి ఇదేదో వేరే వ్యవహారం అనుకోకండి. శత్రువు పక్షానికి లాగడం, తిరుగుబాటుకి ఎగదోయడం, అదీ సంగతి.

అయినా చట్టంలో ఉంది కదా అని మామూలు మాటల్లో వాడేయకండి. ఒక మనిషి ఇంకో మనిషిని సిడ్యూస్ చేశాడంటే వినేవాళ్లు శృంగారమే అనుకుంటారు, అందులోనూ కాస్త వాడుకుని వదిలేసిన వాసనే వస్తుంది. ఎక్కడ వాడొచ్చు మరి? కర్త మనిషి కాకుండా డబ్బో, అధికారమో, ఆలోచనో అయినప్పుడు. "హి వాజ్ సిడ్యూస్డ్ బై ద ప్రామిస్ ఆఫ్ ఈజీ మనీ" అంటే చిట్‌ఫండ్ కంపెనీల్లో మునిగినవాళ్లందరి కథ. "ఎ సిడక్టివ్ ఐడియా" అంటే వినడానికి ముచ్చటగా ఉండి, నమ్మితే ముంచే ఆలోచన, ఇది ఎడిటోరియల్స్ రాసేవాళ్లకి ఇష్టమైన ప్రయోగం. క్లయింట్లు, కస్టమర్లు, ఇన్వెస్టర్ల పక్కన మాత్రం వద్దు. అక్కడ అట్రాక్ట్ పెట్టుకోండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇండ్యూస్ పొడి మాట. ఇందులో తీపి లేదు, అందం లేదు, ఒక పని జరిగేలా చేయడం మాత్రమే. అందుకే డాక్టర్లకీ వకీళ్లకీ బాగా నచ్చింది. నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో "ఇండ్యూస్ చేద్దాం" అంటారు. మన దగ్గర ఎవరైనా మోసగాడైతే "వాడో ఫోర్ ట్వంటీ" అంటాం కదా, ఆ 420 సెక్షన్ పేరులోనే ఈ మాట ఉంది: మోసం చేసి, ఆస్తి అప్పగించేలా ఇండ్యూస్ చేయడం. ఇప్పుడు అది న్యాయ సంహితలో 318లోకి వెళ్లిపోయింది గానీ "వాడో త్రీ ఎయిటీన్" అని తిట్టే రోజు మాత్రం వస్తుందనుకోను. ఆ నేరం రుజువు కావాలంటే బాధితుడు ఆ మాట నమ్మి కదిలి ఉండాలి, ఉత్తినే ఆశపడితే చాలదు. టెంప్ట్‌కీ ఇండ్యూస్‌కీ మధ్య గీత అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఎన్నికలప్పుడు డబ్బు, మద్యం, చీరలు పట్టుబడితే ఎన్నికల సంఘం వాటిని ఇండ్యూస్‌మెంట్స్ అంటుంది, మన పేపర్లు ప్రలోభాలు అంటాయి. మతమార్పిడుల మీద వచ్చిన పాత రాష్ట్ర చట్టాల్లోనూ ఈ కుటుంబమే కనిపిస్తుంది, 1967 నాటి ఒడిశా చట్టం ఇండ్యూస్‌మెంట్ అంటే 1968 నాటి మధ్యప్రదేశ్ చట్టం అల్యూర్‌మెంట్ అంది. వాడుకలో మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది: "నథింగ్ వుడ్ ఇండ్యూస్ మి టు గో బ్యాక్". అంటే ఎన్ని లక్షలిచ్చినా మళ్లీ ఆ గడప తొక్కను.

అట్రాక్ట్: ఎక్కడైనా సరిపోతుంది, అదే దాని బలహీనత కూడా

ఏది వాడాలో తోచనప్పుడు ఇది వాడండి. దగ్గరికి లాగడం, అంతే. ట్రాక్టర్‌లో ఉన్న లాగడమే ఇందులోనూ ఉంది. అయస్కాంతం ఇనుముని అట్రాక్ట్ చేస్తుంది, అరకు టూరిస్టులని చేస్తుంది, బెల్లం చీమల్ని చేస్తుంది. మంచీ చెడూ ఏమీ చెప్పదు కాబట్టి రాతలో కాస్త చప్పగా ఉంటుంది కూడా. మోసం జరిగిన చోట అట్రాక్ట్ అని రాస్తే మోసగాడికి మీరే మర్యాద చేసినట్టు.

రెండు చిక్కులు ఉన్నాయి. "అట్రాక్టెడ్ టు" అంటే మనసు అటు పోయింది, ముఖ్యంగా మనుషుల విషయంలో. "అట్రాక్టెడ్ బై" అంటే కారణం చెబుతున్నారు. ఇంటర్వ్యూలో "ఐ వాజ్ అట్రాక్టెడ్ బై ద రోల్" అంటే బాగుంటుంది, ఇంటర్వ్యూ చేసిన మనిషి పేరు పెట్టి "అట్రాక్టెడ్ టు" అంటే ఏమవుతుందో మీకే తెలుసు. రెండోది మన దేశపు ఇంగ్లీషులో బలంగా పాతుకుపోయిన వాడుక: ఈ సర్వీసు 18 శాతం జీఎస్టీ అట్రాక్ట్ చేస్తుంది, ఈ పని ఫలానా సెక్షన్ అట్రాక్ట్ చేస్తుంది, లేటయితే పెనాల్టీ అట్రాక్ట్ అవుతుంది. పన్ను, జరిమానాల వరకు బయటి దేశాలవాళ్లకీ అర్థమవుతుంది. "అట్రాక్ట్స్ సెక్షన్ 420" అనేది మాత్రం మన కోర్టుల భాష, అమెరికాలో ఉన్న మీ మేనేజర్‌కి అలా రాస్తే ఆయన గూగుల్ చేసుకోవాల్సిందే.

దీని పక్కనే ఉండే అప్పీల్ గురించి ఒక్క మాట. "ద ఐడియా అప్పీల్స్ టు మి" అంటే నాకు నచ్చింది. "ఐ అప్పీల్ టు యూ" అంటే మిమ్మల్ని వేడుకుంటున్నాను. కర్త మనిషా, విషయమా అన్నదాన్ని బట్టి నచ్చడం నుంచి వేడుకోవడానికి దూకేస్తుంది.

కోక్స్, కజోల్: చందమామ చూపించే మాటలు

గోరుముద్ద పట్టుకుని, చందమామని చూపించి, ఇదిగో కాకి వచ్చింది, ఇదిగో బూచాడు వచ్చాడు అంటూ అరగంట తిరిగి నాలుగు ముద్దలు తినిపించడానికి ఇంగ్లీషులో మాట కోక్స్. ఓపిక, మెత్తని గొంతు, కొంచెం కొంచెంగా. ఇందులో అవతలివాళ్లకి నష్టం ఉండదు, చాలాసార్లు మంచే జరుగుతుంది. మంచం కింద దూరిన పిల్లిని కోక్స్ చేసి బయటికి రప్పిస్తారు. మొరాయించే పాత స్కూటర్ని చోక్ లాగి, వంచి, బతిమాలి స్టార్ట్ చేస్తే అదీ కోక్సింగే. నోరు విప్పని మనిషి నుంచి నెమ్మదిగా నిజం రాబడితే "కోక్స్డ్ ద ట్రూత్ అవుట్ ఆఫ్ హిమ్". చేయించితే ఇంటు, బయటికి తీస్తే అవుట్ ఆఫ్.

ఉచ్చారణ దగ్గర జాగ్రత్త. ఒకే దెబ్బకి "కోక్స్" అనాలి, రెండు కూల్‌డ్రింకులు అడిగినట్టు. "కో-యాక్స్" అంటే కేబుల్ టీవీవాడు లాగే వైరు. స్పెల్లింగ్ ఒకటే కావడంతో బాగా చదువుకున్నవాళ్లు కూడా పిల్లాడికి కేబుల్ వేసేస్తుంటారు.

కజోల్ అంటే బుజ్జగింపుకి కాస్త పొగడ్త, కాస్త పోరు కలిపితే వచ్చేది. స్పెల్లింగ్ హిందీ నటి పేరులా ఉండదు, మొదటి అక్షరం కె కాకుండా సి ఉంటుంది. "నువ్వు రాకపోతే పార్టీకి అందమేముంది రా, రా రా, ఒక్క గంట" అని స్నేహితుడిని లాక్కెళ్తే అది కజోల్. ఇంకా కిందికి దిగి, కాళ్లా వేళ్లా పడి, తేనె పూసి ఏదో ఒకటి రాబట్టుకుంటే వీడిల్. పని కోసం ముందుగానే మస్కా కొట్టడం బటరింగ్ అప్.

ఒక చోట మాత్రం బుజ్జగింపు అన్న తెలుగు మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. టికెట్లు ప్రకటించగానే పేపర్లో "అసంతృప్తులకు బుజ్జగింపులు" అని హెడ్డింగ్ వస్తుంది. అక్కడ జరిగేది కోక్సింగ్ కాదు. కోపం చల్లార్చడం అది, దానికి ప్లకేట్, పాసిఫై, మాలిఫై అనే వేరే వరస ఉంది. ఆ రెబల్ చేత నామినేషన్ వెనక్కి తీయించారనుకోండి, అప్పుడు "కోక్స్డ్ హిమ్ ఇంటు విత్‌డ్రాయింగ్" అవుతుంది. కోపం తగ్గించడం ఒకటి, పని చేయించడం ఇంకోటి. తెలుగులో రెండూ ఒకే మాటలో ఇమిడిపోతాయి కాబట్టి అనువాదం చేసేవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి.

హెడ్‌లైన్ల మాటలు

ఏటా జనవరిలో మన రెండు రాష్ట్రాల నుంచీ దావోస్ ప్రయాణాలు ఉంటాయి కదా, మర్నాడు ఇంగ్లీషు పేపర్లో వూ అనే మాట తప్పక కనిపిస్తుంది. "స్టేట్ వూస్ ఇన్వెస్టర్స్". పాతకాలంలో పెళ్లి కోసం అమ్మాయి వెంట తిరగడానికి వాడిన మాట, ఇప్పుడు ఓటర్ల వెంట, కంపెనీల వెంట తిరుగుతోంది. ఇంగ్లీషులో మూడే అక్షరాలు కాబట్టి హెడ్డింగులు పెట్టేవాళ్లకి ప్రాణం. గమనించాల్సింది ఏంటంటే వూ చేశారంటే వాళ్లు ఒప్పుకున్నారని కాదు. వెంటపడ్డారు, అంతే. ఒప్పుకుని వస్తే అట్రాక్టెడ్, ల్యాండెడ్, బ్యాగ్డ్ అని మారుతుంది. పేపర్ చదివేటప్పుడు ఈ తేడా పట్టుకుంటే సంతకాలు ఎన్ని అయ్యాయి, ఉత్త టీ మీటింగులు ఎన్ని అన్నది హెడ్డింగులోనే తెలిసిపోతుంది.

కోర్ట్ కూడా అదే కోవ, దానికి ఇంకో వాడుక అంటుకుంది: "కోర్టింగ్ కాంట్రవర్సీ", "కోర్టింగ్ డిజాస్టర్". గొడవని కోరి తెచ్చుకోవడం. పక్క కంపెనీ ఉద్యోగులని ఎక్కువ జీతం చూపి లాగేస్తే పోచింగ్, అడవిలో దొంగవేటకీ అదే మాట.

మంత్రాలు వేసే మాటలు

చార్మ్, ఫ్యాసినేట్, ఎన్‌చాంట్, బివిచ్ అన్నీ ఒకప్పుడు చేతబడి, మంత్రతంత్రాల మాటలు. చార్మ్ వెనక లాటిన్‌లో పాట, మంత్రం ఉన్నాయి, పాములవాడిని స్నేక్ చార్మర్ అనేది అందుకే. ఫ్యాసినేట్ వెనక దిష్టి ఉంది, నిజంగానే చెడుచూపు తగిలించడం. ఇప్పుడు అదంతా అరిగిపోయి, "ఫ్యాసినేటింగ్" అంటే చాలా ఆసక్తిగా ఉంది అనే మర్యాద మాట అయిపోయింది. ఎవరైనా మీ కథంతా విని మొహంలో ఏ మార్పూ లేకుండా "ఫ్యాసినేటింగ్" అంటే బోర్ కొట్టిందని కూడా అర్థం కావచ్చు.

అల్యూర్, అల్యూరింగ్ సెంటు సీసాల భాష, ఆఫీసులో ఎవరి గురించీ అనొద్దు. బిగైలింగ్ అందంగా ఉంటుంది కానీ లోపల మభ్యపెట్టడం ఉంది. క్యాప్టివేటింగ్ మాత్రం స్పీచ్‌కి, డ్యాన్స్‌కి, కచేరీకి హాయిగా వాడుకోవచ్చు, కట్టిపడేసింది అని మనం అనేదే అది.

ఫోన్లో రోజూ తగిలేవి

బెయిట్ అంటే ఎర, పాత నార్స్ భాషలో కొరికేలా చేయడం అనే మాటకి చుట్టం. క్లిక్‌బెయిట్ గురించి మీకు నేను చెప్పేదేముంది, "ఈ హీరోయిన్ ఇప్పుడెలా ఉందో చూస్తే షాక్" అని రోజూ చూసేదే. కోపం తెప్పించి కామెంట్లు రాబట్టుకునే రకానికి రేజ్ బెయిట్ అని పేరు, 2025కి ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు. అలాంటి పోస్టుకి మీరు రిప్లై ఇచ్చేశారంటే "యూ టుక్ ద బెయిట్". షాపులో చౌక ఫోన్ ప్రకటన చూసి వెళ్తే అది అయిపోయిందండీ, ఇది తీసుకోండి అని ఖరీదైనది అంటగడితే బెయిట్ అండ్ స్విచ్. ఫిషింగ్ మెయిల్స్‌లో ఉన్నది చేపలు పట్టడమే, స్పెల్లింగ్ మాత్రం ఎఫ్ పోయి పి-హెచ్ అయింది. అమ్మాయి ఫొటోతో చాటింగ్ చేసి రహస్యాలో డబ్బో గుంజితే హనీ ట్రాప్, మన పేపర్ల వలపు వల.

అన్నట్టు ఊపిరి బిగపట్టి ఎదురుచూడడాన్ని "బేటెడ్ బ్రెత్" అంటారు, అందులో బెయిట్ లేదు. ఐ పెట్టి రాస్తే నోట్లో వానపాము పెట్టుకున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు కూడా తరచూ చేసే తప్పిది.

మాట్లాడి పడేసే నేర్పుని కుర్రాళ్లు రిజ్ అంటున్నారు, కరిస్మా అన్న మాట నడుమ ముక్క అది, 2023లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాట. మన "లైన్ వేయడం"కి బ్రిటన్‌లో చాట్ అప్, అమెరికాలో హిట్ ఆన్. రెండోది చాలాసార్లు ఫిర్యాదుగానే వాడతారు, "హి వాజ్ హిట్టింగ్ ఆన్ మి" అని ఒకమ్మాయి చెబితే ఆమెకి అది నచ్చలేదనే ఎక్కువగా అర్థం.

చివరిగా సొలిసిట్. అడగడం, కోరడం, పిలవడం అన్నీ దీన్లోకి వస్తాయి, అందుకే ఊరికో అర్థం. పెళ్లి శుభలేఖల ఇంగ్లీషులో "సొలిసిట్ యువర్ ప్రెజెన్స్" అని ముద్దుగా రాసుకుంటాం. మన దేశంలో వకీళ్లు పని సొలిసిట్ చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన, అంటే కేసుల కోసం క్లయింట్ల వెంట పడకూడదు. వ్యభిచార నిరోధక చట్టం 8వ సెక్షన్లో అదే మాట రోడ్డు మీద విటులని పిలవడానికి వాడారు. బ్రిటన్‌లో సొలిసిటర్ అంటే గౌరవనీయులైన లాయరు గారు. అమెరికాలో కొత్తగా దిగినవాళ్లు ఇళ్ల తలుపుల మీద "నో సొలిసిటింగ్" బోర్డు చూసి ఇదెక్కడి పేటరా అని కంగారుపడతారు, అక్కడ దానర్థం అమ్మకాలకీ చందాలకీ తలుపు కొట్టొద్దు అని మాత్రమే. కాబట్టి బతుకమ్మ సంబరాల టికెట్లు పట్టుకుని కాలనీలో తిరిగేటప్పుడు ఆ బోర్డున్న ఇల్లు వదిలేసి పక్కింటికి వెళ్లండి.